కంట్లో పువ్వు

కొండ మీద పూసే పూలన్నీ స్వామివే.
ఆడోళ్లం తల్లో పెట్టుకోం.
నాకు మాత్రం కంట్లో పూసింది, కుడి కంట్లో,
తెల్లగా, మల్లెమొగ్గంత.
ఎవురో ముసలామెకి గుండు గీస్తా ఉంటే
ఎంటిక ఎగిరి పడింది. నలిపినా.
పుండైంది, మానింది,
పువ్వు మిగిలింది.

కల్యాణకట్టలో పద్నాలుగేండ్లు నా చెయ్యి తప్పలా.
పసిబిడ్డ నడినెత్తిన మెత్తగా కొట్టుకునే చోట కూడా
బ్లేడు నీళ్ల మాదిరి జారేది.
పువ్వొచ్చినాక ఒక ఒంగోలు పిల్లకి
చెవి ఎనకాల గాటు పడింది.
సూపర్‌వైజరు ఏమీ అన్లేదు.
చీపురు చేతికిచ్చినాడు.

"అద్దం మార్చాల" అనె డాక్టరమ్మ.
"కనుగుడ్డు మీద అద్దం మాదిరి ఉంటాదే, అది.
వచ్చినప్పుడు ఫోన్ చేస్తాం."
వచ్చినప్పుడంటే?
షంషాదు నర్సు నా మొగం చూసి, గోడ చూసింది.

వచ్చినప్పుడంటే ఎవురో పొయినప్పుడు.
నాలుగు నెల్లు ఫోను దిండు కింద పెట్టుకోని పండుకుంటి.
రేణిగుంట రోడ్డులో అంబులెన్సు అరిస్తే
ఒకసారి లేసి కూచుంటి.
పాపిష్టిదాన్ని,
ఆ బండి యాడ నిలబడతాదా అని
చెవులు రిక్కిస్తి.
ఈ మాట నా మొగుడు చెంగల్రాయునికి కూడా చెప్పలా.

మా అత్త అన్నింది:
"సచ్చినోళ్ల కన్నుతో చూస్తే సచ్చినోళ్లే అగుపడతారుమే."
మా ఆడబిడ్డ: "యా కులమోళ్లదో అడిగినావా?"
అడిగేదానికి నోరెట్లొచ్చిందో!
మన చేతికింద తల వంచేటప్పుడు ఎవురన్నా అడిగినారా?
ఆ గుట్టలో యా ఎంటిక యా కులమో
నువ్వు చెప్పు ముందు, అంటి.

మా బావ కాళాస్తి కత ఎత్తుకున్న్యాడు,
కండ్లు పెరికిచ్చిన బోయాయన కత.
ఇచ్చినోని సంగతి అందురికీ తెలుసు బావా.
తీసుకున్నాయనకి ఎట్లుండిందో
ఒగురన్నా చెప్పినారా?
ఆ రేయి గుడి తలుపులేసినాక
ఆ కంటితో చీకట్లో ఏం చూసినాడో,
నిద్ర పట్టిందో లేదో.

మంగళారం రేయి ఫోనొచ్చింది.
రసంలో అన్నం కలపతా ఉండా.
కంచం అట్నే ఇడిచి పొయినా.
ఎవురిది?
"చెప్పకూడదుమా."
వయసన్నా?
షంషాదు తల అడ్డంగా ఊపింది,
నా చెంప మీద ప్లాస్టరు అంటిస్తా.

కట్టిప్పితే ముందు అగుపడింది ట్యూబులైటు,
చుట్టూ దూది.
అందురూ అడిగినారు, ఎట్లుండాది?
బాగుండాది అని చెప్పినా.
నిజం చెప్పాలంటే
ఎవురింట్లోనో, వాళ్లు లేనప్పుడు,
కిటికీ తెరిచి బయటికి చూస్తా ఉన్నట్టు ఉండె.

పది నెల్లకి మళ్లా బ్లేడు పట్టినా.
ఒక పాప, ఆరేండ్లుంటాయి,
గుండైనాక పీట దిగి
ఎంటికల గుట్టలో చెయ్యి పెట్టి దేవులాడింది.
"నాది యాది?"
"ఇచ్చేసినాం గదా, ఇంక ఎతకకూడదు"
అని వాళ్లమ్మ రెక్క పట్టుకోని లాగింది.
పాప ఏడిసింది.
నాకైతే పాపదే న్యాయమనిపించింది.

యాడో ఒక తల్లో పెండ్లామో
ఇట్లే దేవులాడతా ఉంటాది,
మాది యాది, మాది యాది అని.
ఈడుండాదమ్మా, చూడు, అనేదానికి
ఆయమ్మ పేరు తెలీదు నాకి.
ఊరూ తెలీదు.
అందుకే వరసలో కూచున్న ప్రతి ఆడమనిషి మొగమూ
ఒక్క గడియ ఎక్కువ చూస్తా.
వాళ్లు టోకెను చూపిస్తారు.

షంషాదు ఇచ్చిన ఫారం బియ్యం డబ్బా కింద ఉండాది.
సంతకం పెట్టినానా అని అడగొద్దు.
రేయి చుక్కలమందు ఏసుకున్నాక
కుడి కన్ను నిదానంగా మూస్తా,
లోపల ఎవురో బిడ్డ పండుకోనున్న గది తలుపు
దగ్గరికేసినట్టు.